నాన్న ప్యాంటు వదులైంది

నాన్నకి నమస్కారాలు.

ఈ రోజే రాయక తప్పని పని పడింది. నీ మోకాళ్ల ఎక్స్‌రేలు చూసి ఇక్కడి పెద్ద డాక్టరు మాట తేల్చేశాడు. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గితేనే ఆపరేషన్. లేదంటే నీ వంతు ఇంకొకరికి పోతుంది, మళ్లీ వచ్చే ఏడే. ఏడాదిపాటు నువ్వు మిషను తొక్కకపోతే మన కుట్టు కొట్టు ఏమవుతుందో నేను చెప్పాలా?

పగలంతా ఆఫీసులో ఫైళ్లు సర్ది, సాయంత్రమంతా ఆసుపత్రిలో నిలబడి వచ్చాను. కాళ్లు లాగేస్తున్నాయి. అయినా డాక్టరు చెప్పినవి మరిచిపోకముందే రాస్తున్నాను. పస్తులుండక్కర్లేదు, అలవాట్లు మారితే చాలు. చిన్న పళ్లెంలో తిను. తినేముందు గ్లాసుడు నీళ్లు తాగు. మెల్లగా నములు. టీవీ ముందు పళ్లెంతో కూర్చోకు. తిన్నాక, మోకాళ్లు ఓర్చినంత మేర, వీధి చివరిదాకా నడువు.

మీ గుండీ

తా.క. రుచి చూస్తున్నానంటూ తినేది కూడా తిండే.

~

చిరంజీవి గుండీకి నాన్న దీవెనలు.

మన వంశంలో కాలేజీ గడప తొక్కినదానివి నువ్వొక్కదానివే. నువ్వు చెప్పాక పాటించకుండా ఉంటామా? చిన్న పళ్లెం బాగుంది. చిన్నది కాబట్టి నాలుగుసార్లు వడ్డించుకోవాల్సి వస్తోంది. వట్టి నీళ్లు కడుపులో తిప్పితే రెండు బిస్కెట్లు వేసుకున్నాను. మెల్లగా నములుతుంటే మీ అమ్మ "పగటి భోజనమే అవలేదు, రాత్రికి వండనా, మాననా?" అంటోంది. టీవీ ముందు కూర్చోవద్దన్నావని నిలబడి తింటున్నాను.

వీధి చివరిదాకా నడుస్తున్నాను. అక్కడ బేకరీ ఉంది. బేకరీవాడు నా మోకాళ్ల గురించి ఎంతో అభిమానంగా అడుగుతాడు. అలాంటివాడి దగ్గర ఏమీ కొనకుండా ఎలా వచ్చేస్తాం?

ఇంట్లో బరువు తూచే మిషను లేదు. టేపు చూడాలంటే భయం. ప్యాంటు నడుమును బట్టి చెబుతాను. ప్రస్తుతానికి ఊపిరి బిగబట్టి తొడుక్కుంటున్నాను.

దీవెనలతో,
నాన్న

తా.క. ఆకలేస్తే కోపం వస్తోంది. కోపానికి ఎన్ని కిలోలు తగ్గుతాయో డాక్టర్ని అడుగు.

~

నాన్నకి నమస్కారాలు.

నీ ఉత్తరం బస్సులో చదివాను. నవ్వాలో ఏడవాలో తెలియక దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచొచ్చాను. అది నువ్వు నడవాల్సిన నడక.

పళ్లెం చిన్నదైతే తిండి కూడా తగ్గాలి నాన్నా. ఒక్కసారే వడ్డించుకో. కూర్చునే తిను, టీవీ కట్టేసి. బేకరీ లేని వైపు నడువు. ప్యాంటు వదులైన రోజున వెంటనే రాయి. డాక్టరు అడుగుతున్నాడు.

మీ గుండీ

తా.క. కోపానికి గ్రాము కూడా తగ్గదట. తగ్గేదైతే నేను ఈపాటికి గాలికి ఎగిరిపోయేదాన్ని.

~

చిరంజీవి గుండీకి నాన్న దీవెనలు.

రెండు నెలలుగా రాయలేదని అలగకు. గెలిచాం! మొదట ప్యాంటులో ఒక వేలు దూరేది, ఇప్పుడు రెండు దూరుతున్నాయి. కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ దూర్చి చూపిస్తున్నాను. ఆపరేషన్ తేదీ రాసేసుకోమని డాక్టరుకి చెప్పు.

దీవెనలతో,
నాన్న

తా.క. (ఇది అమ్మ రాత) గుండీ, పోస్టు చెయ్యమని ఇస్తే వెనక వైపు రాస్తున్నా. మీ నాన్న ఏం తగ్గలేదే. వానకి తడిసిన కోడిలా ముడుచుకు కూర్చుంటే చూడలేక, మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు ప్యాంటు కుట్టు విప్పి కాస్త వదులు చేశా. ఎంత మురిసిపోయాడో! మళ్లీ విప్పా. ఇక వదలడానికి లోపల గుడ్డ లేదు. ఏం చెయ్యనే? ఆయనకి మాత్రం చెప్పకు.

~

నాన్నకి నమస్కారాలు.

అమ్మ చెప్పొద్దన్నదే రాస్తున్నాను, క్షమించమను. నీ ఉత్తరం ముందు వైపు చదివి ఆసుపత్రికి పరుగెత్తి తేదీ ఖాయం చేయించాను. వెనక వైపు చదివింది తిరిగొస్తూ మెట్ల మీద. అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను.

ప్యాంటు అబద్ధం నాన్నా. అమ్మ కుట్లు విప్పింది. ఆమెను ఏమీ అనకు. కానీ ఆపరేషన్‌కి ముందు తూస్తారు. అప్పుడు బయటపడితే వంతు పోతుంది. పార్సిల్ ఆఫీసులో మూటలు తూచే కాటా ఎక్కి ఉన్నదున్నట్టు రాయి. తేదీ మార్పించాలంటే ముందే మార్పించాలి. నాకిక ఓపిక లేదు.

మీ గుండీ

తా.క. బేకరీవాడి కాటా ఎక్కకు. వాడు నీ పక్షం.

~

చిరంజీవి గుండీకి నాన్న దీవెనలు.

తేదీ మార్చకు. తొమ్మిది కిలోలు తగ్గాను. పార్సిల్ ఆఫీసువాడు రెండుసార్లు తూచాడు.

మీ అమ్మ కుట్టు సంగతి నాకు మొదటి రోజే తెలుసు. విప్పిన చోట పాత సూది రంధ్రాలు కనబడవా? అరవడానికి నోరు తెరిచాను. ఆమె గుమ్మంలో నిలబడి, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ నీలాగా, నా మొహంలోకి చూస్తోంది. "వదులైందోయ్!" అనేశాను. అన్నాక సిగ్గేసింది. అన్న మాట నిజం చెయ్యాలి కదా! ఆ రోజు నుంచి ఒక్కసారే వడ్డన, నడక బేకరీ లేని వైపు. నా ఉత్తరాలు పోస్టు చేసేది ఆమే కాబట్టి నీకూ చెప్పలేకపోయాను. ఇది నేనే వెళ్లి వేస్తున్నాను.

చిక్కు ఇప్పుడొచ్చింది. ఆమె కుట్లు విప్పి వదిలినదానికి నేను తగ్గింది తోడై ప్యాంటు నిలవడం లేదు. ఒక చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను. బిగించి కుడితే నాకంతా తెలుసని ఆమెకి తెలిసిపోతుంది, కుంగిపోతుంది. బెల్టు పెడదామంటే, దర్జీ బెల్టు పెడితే నలుగురూ నవ్వరా?

దీవెనలతో,
నాన్న

తా.క. పన్నెండో తేదీన దర్జీల సంఘం సభ. అమ్మ కూడా వస్తానంటోంది. ప్రతి ఉపన్యాసానికీ చప్పట్లు కొట్టాలి, దానికి రెండు చేతులూ కావాలి. ఆమె నొచ్చుకోకుండా నిజం ఎలా చెప్పాలో పదో తేదీలోగా రాయి.