అరవై మూడు ఫైళ్లలో లేని పేరు

జూన్ 4, 2008

కంప్యూటర్ లేవలేదు. నల్ల తెర మీద తెల్ల గీత ఒకటి కొట్టుకుంటోంది, అంతే. నిన్న పెళ్లిపత్రిక టైపు చేయించుకోడానికి వచ్చినాయన పెన్‌డ్రైవ్ నేను ఇందులో పెట్టినప్పుడే అనుమానం. వైరస్.

రిపేరు చేసే శీనా వచ్చి చూశాడు. "ఫార్మాట్ కొట్టాల్సిందే అక్కా. విండోస్ మళ్లీ ఎక్కిస్తా. సాయంత్రానికి కొత్తదైపోతాది."

మరి లోపల ఉండేవి?

"డెస్క్‌టాప్ మీద పెట్టింటే పోతాయి."

డెస్క్‌టాప్ మీదే పెట్టాను. కళ్ల ముందు ఉంటాయని.

జూన్ 5

శీనాను వద్దన్నాను. పత్రికలు పోతే మళ్లీ టైపు చేసుకుంటా. మా ఆయన గొంతు ఎవరు టైపు చేస్తారు?

పదేళ్లు ఆటోకు మైకు కట్టుకుని కంబదూరు దాకా తిరిగిన గొంతు. సినిమాలు, చీరల దుకాణాలు, విత్తనాల పంపిణీ, తప్పిపోయిన మేకలు. చివరి రెండేళ్లు అన్నీ ఈ డబ్బాలోనే రికార్డు చేసి ఆటోలో వినిపించేవాడు. ఫిబ్రవరిలో ఆపరేషన్. గడ్డతో పాటు మాట కూడా తీసేశారు.

ఇప్పుడు పలక మీద రాస్తాడు. ఈ పొద్దు రాసింది: "పోతే పోనీలే." చెరిపి మళ్లీ రాశాడు: "టీ."

తిట్టాలో ఏడవాలో తెలియలేదు. టీ పెట్టాను.

జూన్ 6

మొక్కుకుందామంటే కంప్యూటర్లకు ఏ దేవుడో తెలియదు. తెలిసినవాళ్లందరికీ మొక్కాను.

జూన్ 9

పాలిటెక్నిక్‌లో కంప్యూటర్లు చెప్పే మస్తాన్ సార్ ప్రశ్నపత్రం టైపు చేయించుకోడానికి వచ్చాడు. నా ముఖం చూసి అడిగాడు. చెప్పాను.

"ఫార్మాట్ మాటే ఎత్తొద్దమ్మా. నా దగ్గర లినక్స్ సీడీ ఉండాది, విండోస్ మాదిరిదే. డిస్కును ముట్టుకోకుండా దీంతోనే మిషను లేపి, లోపల ఏముండాదో చూద్దాం."

సీడీ పెట్టబోతే ట్రేలో ఎండిపోయిన చామంతి రెక్కలు, పసుపు. "ఇదేందమ్మా?" పోయిన దసరా ఆయుధపూజ! అందరూ పైన బొట్టు పెడతారు. నేను దాని నోరు ఎక్కడుందో వెతికి మరీ పూలు పెట్టాను. సార్ మర్యాదగా దూదితో తుడుస్తూ కూర్చున్నాడు. ఈయన మాత్రం నవ్వాడు... శబ్దం లేదు, భుజాలు ఎగురుతున్నాయి. ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి నవ్వు.

మూడోసారికి సీడీ తిరిగింది. గోధుమరంగు తెర. లోపల నా డెస్క్‌టాప్, ఎక్కడివక్కడే. "ఆటో" ఫోల్డర్. అరవై మూడు ఫైళ్లు. సార్ ఒకటి నొక్కాడు. "రైతు సోదరులకు విజ్ఞప్తి..."

ఈయన లేచి బయటికి పోయాడు. నేను సార్ ముందే ఏడ్చాను.

జూన్ 10

అన్నీ సార్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి భద్రం చేశాం. తర్వాత డిస్కు తుడిచేసి లినక్సే వేశాడు. "విండోస్ కావాల్నా మళ్లీ?" వద్దన్నాను. పాపం దాని తప్పూ కాదు, పెన్‌డ్రైవ్ పెట్టింది నేనే. అయినా భయం పోలేదు.

ఎవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి ఊరికే ఇచ్చేశారట దీన్ని. సీడీ కూడా పోస్టులో ఊరికే వచ్చిందట. ఊరికే ఇచ్చేదానికి వాళ్లకేం పట్టింది? ఎవరైతేనేం, వాళ్ల కడుపు చల్లగుండాలి.

జూన్ 17

వారం నుంచి ప్రింటర్ అలిగింది. పాత తెలుగు ఫాంటు ఇందులో కుదరదు — దాచుకున్న పత్రికలన్నీ తెరిస్తే పిచ్చి గీతలు. కొత్త పద్ధతిలో టైపు చేయబోతే వేళ్లు మొరాయిస్తున్నాయి. విండోస్ అయ్యింటే ఈపాటికి... అనబోయి నాలుక కరుచుకున్నాను.

జూన్ 25

ప్రింటర్ పలికింది. సార్ చల్లగుండాలి.

మళ్లీ అదే పెళ్లివాళ్ల పెన్‌డ్రైవ్. వైరస్ ఫైలు ఎదురుగా కనబడింది, ఏమీ చేయలేక పడుంది. బియ్యంలో రాయి ఏరినట్టు ఏరిపారేశాను. ఎంత హాయి.

జూలై 2

విత్తనాల పంపిణీకి గార్లదిన్నెలో ప్రచారం కావాలని అడిగారు. ఈయన తల అడ్డంగా ఊపాడు. నేను నిలువుగా ఊపాను.

గొంతులను కోసి అతికించే సాఫ్ట్‌వేర్ ఇందులో ఉంది. "వేరుశనగ విత్తనాలు" పోయినేటి దాంట్లోంచి, "సోమవారం" సినిమా దాంట్లోంచి, "గార్లదిన్నె" తప్పిపోయిన మేకల దాంట్లోంచి. రోజంతా పట్టింది. అతుకులు తెలుస్తున్నాయి. తెలిస్తే తెలియనీ, గొంతు ఈయనదే.

జూలై 4

ఆటో వచ్చింది. దిగుతూనే పలక అందుకున్నాడు. "గొంతు వచ్చినాదా అన్నా అని అడిగినారు."

నువ్వేమన్నావు?

తలూపాడట. ఇంత అన్నం ఎక్కువ తిన్నాడు.

జూలై 19

కంటి శిబిరం ప్రచారం వచ్చింది. పోయినేడు చేసిన ఫైలు తీశాను. అప్పుడూ ఈ డాక్టరమ్మే, లక్ష్మీదేవి. నా పేరే. "ప్రముఖ కంటి డాక్టరమ్మ గారు" అని దాటేసి ఉన్నాడు. గుర్తొచ్చింది — శిబిరం పెద్దాయన గొడవకు వచ్చాడు, "పేరు చెప్పవేమప్పా?" "మా ఇంట్లో పేరు సార్, ఎట్ల పలికేది?" భార్య పేరు మొగుడు పలకడు, మొగుడి పేరు భార్య పలకదు. మా వైపు అంతే. నన్ను పిలవాలంటే "ఏమే", లేకుంటే ఒక దగ్గు.

అరవై మూడూ వెతికాను. ఎక్కడా లేదు.

ఊరుకోవచ్చు కదా. అనేశాను. "ఊర్లన్నీ తిరిగి అందరి పేర్లూ అరిసినావు. నా పేరు ఒక్కసారి అనింటే ఏం పోయేది? ఇంగ యాడ వినేది నేను?"

పలక తుడిచాడు. గూట్లో పెట్టేశాడు.

జూలై 20

అనకుండా ఉండాల్సింది.

ఆగస్టు 3

వంటింట్లోంచి వస్తే కంప్యూటర్ ముందు ఈయన. నన్ను చూసి తెర మీదున్నది మూసేశాడు. ఏం చేస్తాండావంటే పలక — "నేర్చుకుంటాండా." మౌస్‌ను ఆటో హ్యాండిల్ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు.

ఆగస్టు 9

నీళ్లు పట్టుకొచ్చేసరికి ఆటో లేదు. తెర మీద కొత్త ఫైలు. పేరు "నీకు".

ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. రెండే సెకన్లు.

లక్ష్మీదేవీ.

"లక్ష్మీ" వరలక్ష్మీ వ్రతం చీరల ప్రచారంలోది. "దేవీ" దసరా నవరాత్రులది. నడుమ అతుకు, వెనక వీధి చప్పుడు, సంతలో పిలిచినంత గట్టిగా. పదిసార్లు విన్నాను. ఇరవైసార్లు. సరుకు అమ్మే గొంతుతో పిలిచినా పిలుపు పిలుపే. ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఆగస్టు 10

నాకు గొంతు ఉంది. ఈయన పేరు నేనూ ఏనాడూ పలకలేదు. ఈ డైరీలో కూడా రాయలేదు... ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను.

బయట ఆటో తుడుచుకుంటున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

ఈయన పేరు పలుకుదామని మైకు పెట్టాను. ఎర్ర గుండీ నొక్కాను. మాట పడితే ఎగిరే గీత తెర మీద సాఫీగా పోతోంది, గుట్టలు లేవు, మిట్టలు లేవు. ఇంకా పోతోంది...