జీతాల రోజున గంజి ముంత

రాజమహేంద్రవరం,
23 ఆగస్టు 1892, మంగళవారం.

ప్రియమైన వీరమ్మక్కయ్యకు తమ్ముడు లాజరు వందనాలు. దేవుని దయవల్ల నేనూ సంపూర్ణా ఒంట్లో బాగానే ఉన్నాం. కాకినాడలో నువ్వూ బావగారూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

గోదారి వరద తీసింది గానీ లంకల జనం ఇంకా ఇక్కడే ఉన్నారు. వాళ్లను దించింది మన సంపూర్ణ బడిలోనే. బడి లేదు, తల్లి లేని పిల్లను ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేను. అందుకని వారంగా నాతో కలప అడితికి తీసుకెళ్తున్నాను. నేను గుమాస్తా బల్ల దగ్గర రాసుకుంటుంటే పక్కన పలక పట్టుకుని కూర్చుంటుంది.

గురువారం దారిలో బడి వైపు తొంగిచూసింది. తన బల్ల మీద ఒక పసివాడు గంజి చాలక ఏడుస్తున్నాడట. శనివారం జీతాలిస్తారు కదా, అందరి దగ్గరా చిల్లర ఉంటుంది కదా, అడుగుదామా అంది. పోయిన ఏడు కూలి పెంచమని రంపపు కోతవాళ్లు అర్జీ పెట్టుకున్న దగ్గర్నుంచి, జీతాల రోజున గేటులోపల నలుగురు గుమిగూడితే అడితి దొరగారు ఊరుకోరు. అయినా పిల్ల మొహం చూసి కాదనలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం గేటులోపల ఓ పక్కన చింకిచాప మీద మట్టిముంత పెట్టుకు కూర్చుంది. నేను పక్కనే నిలబడ్డాను. మొదట ఎవరూ దగ్గరికి రాలేదు. కోతమేస్త్రి వెంకన్న వచ్చి, "ఇది మీ చర్చికాండీ?" అని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే సంపూర్ణ, "కాదండి, గంజికి," అంది. అతను ఒక కానీ బిళ్ల వేశాడు. ఆ వెనక అందరూ వేశారు, దమ్మిడీ అయినా సరే. ముంత నిండింది.

అప్పుడే దొరగారు గుర్రం దిగారు. ఎవరిదీ పని అని అరిచారు. నేనే ముందుకెళ్లి, నాదేనండి అని చెప్పాను. ఆయన నా వంక చూసి లోపలికి వెళ్లిపోయారు. ఆ డబ్బుతో నూకలు కొని బడికి చేర్చాం.

మూడు రోజులైంది, పిలుపు లేదు. గుర్రపు డెక్కల చప్పుడైతే చేతిలో కలం ఆగిపోతోంది. ఈ పని పోతే పిల్లను ఎలా పెంచాలో తెలియడం లేదు. అక్కడ రేవులో ఏదైనా గుమాస్తా పని ఉంటుందేమో బావగారిని కనుక్కోమని చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు
లాజరు

తా.క. బుధవారం. ఉత్తరం మడిచేముందు సంపూర్ణకు చదివి వినిపించాను. అంతా విని, "అత్తయ్యకి అలా రాశావేంటి నాన్నా?" అంది.

అక్కయ్యా, ఆ రోజు నాదేనని చెప్పింది నేను కాదు. తొమ్మిదేళ్ల పిల్ల లేచి నిలబడి, "నేనేనండి, నేనే అడిగానండి," అంది. నేను తల వంచుకుని నిలబడ్డాను. దొరగారు పిల్లనేమంటారు? గేటులోపల ముంత పెట్టుకోనిచ్చింది ఎవరని అడిగి, కాపలా చిట్టియ్యను అప్పటికప్పుడే పనిలోంచి తీసేశారు. పిల్లను అక్కడ కూర్చోనిమ్మని అతనికి చెప్పింది నేను. అప్పుడు కూడా నోరు విప్పలేదు.

ఈ ఉదయం సంపూర్ణ చెయ్యి పట్టుకుని దొరగారి గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. చిట్టియ్యను మళ్లీ పెట్టుకుంటామన్నారు. నన్ను ఈ నెలాఖరుతో మానుకోమన్నారు.

అక్కణ్నుంచి చిట్టియ్య ఇంటికెళ్లి కబురు చెప్పాను, క్షమించమన్నాను. అరుగు మీద చోటు చూపించి, "శనివారమే చెప్పుంటే బాగుండేదండి," అన్నాడు. సంపూర్ణకు మాత్రం కాసిని మజ్జిగ ఇచ్చాడు.