వారానికి ఒకసారి చాలు

ఆగస్టు 19, 2011

జనగామ పెళ్ళి నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది. పోయినేడు కుట్టించిన జాకెట్ పట్టలేదు. హుక్కులకు బదులు పిన్నీసులు పెట్టి, కొంగు నిండా కప్పుకొని, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. మా పెద్దొదిన వడ్డిస్తూ వడ్డిస్తూ నలుగురిలో, అంగన్‌వాడీ గుడ్లన్నీ పిల్లలకే పెడ్తున్నవా రాజమణీ, నువ్వు గూడ జర రుచి చూస్తున్నవా అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నిజమనుకుంటారు.

సెంటర్ టీచర్ని నేను, పిల్లల గుడ్లు ముట్టను. ఆ మాట ఇక్కడ రాసుకోవాల్సి రావడమే సిగ్గు.

ఆగస్టు 20

సెంటర్‌లో గర్భిణులను తూచే మెషిన్ ఎక్కాను. డెబ్బై ఎనిమిది. చెప్పులు విప్పి మళ్ళీ ఎక్కాను. డెబ్బై ఎనిమిదే. ఆయా చిలుకమ్మ చూడలేదు కదా అని వెనక్కి తిరిగాను. చూసింది.

ఆగస్టు 29

రాత్రి అన్నం బంద్. ఒక జొన్నరొట్టె. చాయ్‌లో చక్కెర లేదు. పొద్దున సెంటర్ తెరవగానే డెబ్బై ఏడు. సంబరపడ్డాను. పిల్లల్ని పంపించాక మళ్ళీ ఎక్కితే డెబ్బై ఎనిమిది. ఒక పూటలో కిలో ఎక్కడి నుంచి ఊడిపడింది?

ఇవాళ గర్భిణుల బరువులు కూడా. తండా నుంచి మోతీ వచ్చింది. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. ఏడో నెల వచ్చింది, మనిషి మాత్రం నలభై ఒక్క కిలోలే. ఏం తింటున్నవ్ పిల్లా అంటే, ఏం తింటం అక్కా, పొద్దంత పత్తిచేన్ల కలుపు తీసుడే అయితుంది అన్నది. నువ్వు పెరగకుంటే బిడ్డ పిట్టంత పుడ్తడు అని బెదిరించాను. ఎండాకాలం నుంచి ఇదే పాట పాడుతున్నాను దానికి.

మీరిద్దరు చెరి సగం చేస్కుంటే సరిపోతది అన్నది చిలుకమ్మ. మోతీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

సెప్టెంబర్ 13

తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. భూపాలపల్లి బొగ్గుబాయి నుంచి ఎల్లస్వామి బట్టల సంచితో దిగాడు. బాయి బంద్, బొగ్గు బంద్, రాష్ట్రం ఇచ్చేదాక దిగేది లేదు అన్నాడు. ఆదివారం ఆదివారం కనిపించే మొగుడు ఇక రోజంతా ఇంట్లోనే.

మేమూ సెంటర్లకు తాళాలు వేసి, కొత్తగూడలో టెంట్ కింద కూర్చున్నాం. నినాదాలు ఇవ్వడంలో నా గొంతుకు తిరుగులేదు. వచ్చేటప్పుడు సెంటర్ నుంచి మెషిన్ తెచ్చుకున్నాను. వదిలేస్తే ఎలుకలు పాడు చేస్తాయి అని చిలుకమ్మతో చెప్పాను. ఇనుపదాన్ని ఎలుకలేం జేస్తయమ్మా అన్నది. సంచిలో పెట్టుకొని వచ్చేశాను.

సెప్టెంబర్ 16

స్నానానికి ముందు డెబ్బై ఆరు. స్నానం తర్వాత డెబ్బై ఆరున్నర. నీళ్ళు పోసుకున్నాను, తాగలేదు.

సెప్టెంబర్ 21

రోడ్డు మీద వంటావార్పు. ఇంత పెద్ద గంజుల్లో బగారన్నం, వంకాయ, పచ్చిపులుసు. సర్పంచ్ నుంచి ఆటో డ్రైవర్ దాకా అందరూ తారు మీదే బాసింపట్లు వేసుకొని తిన్నారు. ఆకు ముందు కూర్చొని తినకపోతే ఏమనుకుంటారు? తెలంగాణ కోసం తిన్నాను. రెండోసారి పెట్టించుకున్నది మాత్రం నా కోసమే.

ఇంటికి రాగానే మెషిన్ ఎక్కి ఏడ్చాను. సమ్మె రాష్ట్రం కోసమా, ఈ కాంట కోసమా అన్నాడు ఎల్లస్వామి. అతనికేం, బాయిలో దిగి దిగి ఎండు కట్టెలా ఉంటాడు.

సెప్టెంబర్ 26, సోమవారం

మోతీ ఇంటికే వచ్చింది. సెంటర్ బందని తెలిసి వెతుక్కుంటూ వచ్చింది. మెషిన్ ఎక్కించాను. నలభై ఆరు! నా కళ్ళను నేను నమ్మలేదు. నెల తిరగకుండా ఐదు కిలోలు. మొహం నిండింది, బుగ్గలొచ్చాయి. చూసినవా అక్కా, నీ మాట విన్న, సమ్మెల పనికి పోకుంట కూసోని తింటున్న అన్నది. ఎంత గర్వమో దాని మొహంలో. బెల్లం ముక్క నోట్లో పెట్టాను. చెప్పులు బిగుతయినయి అక్కా అంటే, ఎనిమిదో నెలలో కాళ్ళు కొంచెం ఉబ్బుతాయి, ఏం కాదు అన్నాను.

అది పోయాక కొంచెం కుళ్ళుకున్నాను కూడా. నేను కడుపు మాడ్చుకొని కిలో తగ్గడానికి చస్తుంటే, దీనికి ఎంత తేలిగ్గా వచ్చాయో.

సెప్టెంబర్ 28

ఇంట్లో లొల్లి. ఒక పూటలో నాలుగుసార్లు ఎక్కానట. ఎల్లస్వామి ఎక్కడిదో పేపర్‌తో వచ్చే పాత ఆదివారం పుస్తకం తెచ్చి గట్టిగా చదివాడు. ఒంట్లో నీళ్ళను బట్టి, తిన్న ఉప్పును బట్టి బరువు రోజూ మారుతుందట. దాన్ని పట్టుకొని రోజూ బాధపడకూడదట. వారానికి ఒకసారి, పరగడుపున చూసుకుంటే చాలట. విన్నవా, ఇగ ఆదివారం పొద్దుగాలనే ఇస్త అని మెషిన్ ఎత్తుకుపోయి దాచాడు.

మధ్యాహ్నం వంటకు బియ్యం తీస్తుంటే చేతికి తగిలింది. బియ్యం డ్రమ్ములో! మగవాళ్ళు దాచే చోటు అట్లే ఉంటుంది. పైకి తీయలేదు. మళ్ళీ బియ్యం కప్పి మూత పెట్టాను. నిజం చెప్పాలంటే మనసు తేలికైంది. రోజూ ఎక్కడం ఒక మనాదిలా పట్టింది నన్ను.

సెప్టెంబర్ 30, శుక్రవారం

మధ్యాహ్నం మోతీ మళ్ళీ వచ్చింది. తండా నుంచి ఎండలో నడిచి. తలకాయ పగులుతుంది అక్కా, కండ్ల ముంగట మసక మసకయితుంది అన్నది. ఒక్కసారి తూచవా, ఇంకా పెరిగిన అనిపిస్తుంది అని బతిమాలింది.

మొన్న సోమవారమే కదా చూశాం. రోజూ తూగితే మనాది పడుతుంది మోతీ, వారానికి ఒకసారి చాలు అని చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే, నీళ్ళని, ఉప్పని, అంతా వివరంగా చెప్పాను. పెద్ద డాక్టర్‌లా అనిపించింది నాకే. సోమవారం రమ్మన్నాను. ఎండకే తలనొప్పి అని రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగ ఇచ్చాను. తాగి, అట్లనే అక్కా అని వెళ్ళిపోయింది.

ఎల్లస్వామి భూపాలపల్లిలో గేట్ మీటింగ్‌కు పోయాడు. మెషిన్ తీయడానికి అడ్డు ఎవరూ లేరు. తీస్తే నేనూ ఎక్కుతాను, అదే భయం. నిన్న బతుకమ్మ దగ్గర పల్లిముద్దలు తిన్నాను.

అక్టోబర్ 2, ఆదివారం

డెబ్బై నాలుగున్నర! నాలుగు రోజులు ఆగినందుకు ఫలితం. రోజూ చూసుకోకపోవడమే మంచిది.

అక్టోబర్ 4

సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు, ముత్యమంత పసుపు. మధ్యలో తెలంగాణ జెండా గుచ్చిన బతుకమ్మలు. రోడ్డు నిండా మేమే. జాకెట్ హుక్కులు పట్టాయి.

మోతీ నిన్న రాలేదు. పండుగ పనుల్లో నాకూ గుర్తు లేదు.

అక్టోబర్ 7, మానుకోట, దవాఖాన వరండా, పొద్దున పది

రాయకుండా ఉండలేను. ఎవరితోనూ చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

బుధవారం పొద్దున మోతీ పెనిమిటి చాంద్యా బండి మీద వచ్చాడు. టీచరమ్మా, మోతీకి ఫిట్స్ వస్తున్నయి, జల్ది రా అన్నాడు. వెనక ఎక్కి పోయాను. తండాలో మంచం మీద ఉంది. నేను గుర్తుపట్టలేదు. మొహం ఉబ్బి కళ్ళు గీతల్లా అయిపోయాయి. వేళ్ళు ఉబ్బి ఉంగరం కండలో దిగింది. నన్ను చూస్తూనే మళ్ళీ వచ్చింది ఫిట్స్. వాళ్ళత్త వాళ్ళ భాషలో ఏదో దేవతను పిలుస్తోంది.

అప్పుడు నా నోటికి అంతా వచ్చేసింది. చివరి నెలల్లో బరువు ఒక్కసారిగా పెరిగితే, కాళ్ళూ మొహమూ ఉబ్బితే, తలనొప్పీ కళ్ళు మసకా ఉంటే ఆగకూడదు, ఆ రోజే దవాఖానకు పంపాలి. ట్రైనింగులో ఈ పాఠం అందరి ముందు నిలబడి అప్పజెప్పింది నేనే. మేడం చప్పట్లు కొట్టించింది. ఎండాకాలం నుంచి పెరగమని దాని వెంట పడీ పడీ, పెరిగేసరికి నా కళ్ళకు సంతోషం తప్ప వేరే ఏమీ కనపడలేదు. ఆ ఐదు కిలోలు కండ కాదు, నీరు. అది నడిచొచ్చి, నోరు తెరిచి, తలనొప్పి అని, మసక అని, తూచమని అడిగింది. నేను ఉప్పు మజ్జిగ ఇచ్చాను.

108 వచ్చింది. గూడూరు దగ్గర రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు పెట్టి ఉన్నాయి. మా డ్రైవర్ హారన్ కొట్టేలోపే కుర్రాళ్ళు ఉరికొచ్చి భుజాలతో నెట్టి దారి ఇచ్చారు. సమ్మె ఎక్కడా ఆపలేదు మమ్మల్ని. అది మాత్రం రాయాలి.

ఆపరేషన్ చేశారు. మగపిల్లవాడు. ఊపిరి లేదు. వాళ్ళత్త గోడకు తల కొట్టుకుంటోంది, చాంద్యా రక్తం కోసం పోయాడు. నర్సు ఎవరికివ్వాలో తెలియక నాకు ఇచ్చింది, తువ్వాలలో చుట్టి. ఇంకా వెచ్చగా ఉన్నాడు. తల నిండా జుట్టు. సాయంత్రం చాంద్యా వచ్చేదాకా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. దించబుద్ధి కాలేదు.

డాక్టర్ అడిగాడు, చివరిసారి బరువు ఎప్పుడు చూశారు అని. ఇరవై ఆరున అన్నాను. ఆ తర్వాత ఎందుకు చూడలేదు అన్నాడు. సమ్మె సార్ అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. ఆయన జేబుకు కూడా నల్ల బ్యాడ్జి ఉంది.

నా నోటికి ఆ మాట ఎట్లా వచ్చింది? రోజూ గొంతు చించుకొని అరిచే నోరు ఇది. నా తప్పును సమ్మె మీదికి నెట్టేసింది.

అక్టోబర్ 10

మోతీ కళ్ళు తెరిచింది. బతుకుతుంది అన్నారు. వరండాలో కూర్చొని ఏడ్చాను. చాంద్యా నా కాళ్ళు పట్టుకోబోయాడు. నువ్వు లేకుంటే ఇది గూడ పోతుండె టీచరమ్మా అన్నాడు. వెనక్కి జరిగాను. గోడ తగిలింది, ఇక జరగడానికి చోటు లేదు.

అక్టోబర్ 12

ఎల్లస్వామికి చెప్పాను. నీ తప్పేముంది, మెషిన్ దాచింది నేను గద అన్నాడు. మంచివాడు. నాకు ఒళ్ళు మండింది. ఎక్కడుందో నాకు తెలుసు అన్నాను. ఎట్ల అన్నాడు. రోజూ నీకు అన్నం వండేది ఎవరు అన్నాను.

అక్టోబర్ 25

సమ్మె విరమించారు. రాష్ట్రం రాలేదు. ఎల్లస్వామి అంతకు ముందే బాయికి పోయాడు. సెంటర్ తెరిచి మెషిన్ దాని చోట పెట్టాను. చిలుకమ్మ నన్ను ఎగాదిగా చూసి, సగమయినవమ్మా, ఏం మానుకుంటే గింత తగ్గినవు, మా చెల్లెకు గూడ చెప్త అన్నది. ఎంత ఉన్నానో నాకు తెలియదు. ఎక్కలేదు.

నవంబర్ 8

ఎనిమిదో నెల దాటిన వాళ్ళను వారానికి రెండుసార్లు రమ్మంటున్నాను. రాకపోతే మెషిన్ సంచిలో వేసుకొని నేనే వాళ్ళ ఇళ్ళకు పోతున్నాను. ఏంది టీచరమ్మా, నిన్నగాక మొన్ననే గద తూచినవు, పత్తి ఏరే టైముల గీ పరేషానేంది అని విసుక్కుంటున్నారు. విసుక్కోనీ.

నవంబర్ 17

చెప్పేద్దామనే తండాకు పోయాను. మోతీ మంచంలో కూర్చొని ఉంది. పాలు వస్తుంటే వాళ్ళత్త గుడ్డ బిగించి కట్టిందట. చూడలేకపోయాను. చాయ్ తాగమన్నారు. తాగాను. దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు మొదలుపెట్టబోయాను. అక్కా, ఆ దినం నువ్వు చెప్పినట్టు సోమవారం రాకపోతిని, వస్తే బాగుండు, నాదే తప్పు అన్నది మోతీ.

కాదు అన్నాను. కాదు, కాదు అని ఇంకో రెండుసార్లు అని లేచి వచ్చేశాను. పిరికిదాన్ని.

నవంబర్ 29

సెంటర్ మూసే వేళకు మోతీ వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆ దినం మెషిన్ నా ఇంట్లోనే ఉండె, నేనే తీయలేదు మోతీ, తప్పు నాది అని చెప్పాను. వింటున్నంతసేపూ మెషిన్ వంకే చూసింది. బాబు ఎంత బరువుండె అక్కా అని అడిగింది.

ఎవరూ తూచలేదు.

మూడు కిలోలు అన్నాను.

మంచిగనే ఉండె గద అన్నది.