టాన్సీకి ఏ దొడ్డి?

క్రాబ్ లోయ, కెంటకీ
అక్టోబరు 4

ప్రియమైన ఓమా అక్కకి,

వాగు అవతలే ఉన్న నీకు ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. కారణం చెప్తాను.

ముందు పని సంగతి. నా కొత్త వేటకుక్క టాన్సీకి దొడ్డి ఖాయం చేశాను, అదే, కుందేళ్లను వదిలి కుక్కలకు వేట నేర్పే కంచె దొడ్డి. ఎనిమిది నెలల పిల్ల, కుందేలు వాసన పట్టిందంటే వదలదు. కాని కూత వెయ్యదు. ఇంటి వెనక పొలంలో నేనొక్కణ్ణే పదిసార్లు తిప్పాను, ఒక్క కూత లేదు. కూత లేని వేటకుక్క ఎటు తరుముతోందో మనకేం తెలుస్తుంది? స్టాంపర్ దొడ్డి పన్నెండు ఎకరాలు, నిండా ముళ్లపొదలు. అక్కడ కుందేలును ముక్కుతోనే వెతుక్కోవాలి. కోయ్‌ది ఎకరంన్నర. గడ్డి కోసి, కంప కుప్పలు వేసి ఉంచాడు. అడుగు తీసి అడుగు వేస్తే కుందేలే. నక్క దూరకుండా కంచె అడుగున కరెంటు తీగ కూడా లాగాడు. తోటి వేటగాళ్ల ముందు నేను కోయ్‌దే అన్నాను.

"చిన్న దొడ్డిలో కుక్క తరమడం మానేసి కంచె పక్కన మాటు వేస్తుంది. నువ్వే కదయ్యా మాకు చెప్పింది!" అన్నాడు స్టాంపర్.

"మూగదానికి కుందేలు కంటబడాలోయ్. అప్పుడే గొంతు విప్పుతుంది" అన్నాను. అందరూ సరేనన్నారు. కుక్కల విషయంలో ఈ లోయలో నా మాటకు తిరుగులేదు.

నేను చెప్పింది నిజమే. కాని నేను కోయ్ దొడ్డిని ఎంచుకున్నది అందుకు కాదు. పెద్ద దొడ్డిలో కుక్కలు పొదల్లో దూరాక చెవులతోనే పని. నా చెవులు పోయాయి అక్కా. రెండేళ్లయింది. ఫోనులో నీ మాటలు సగం అందవు, ఊహించుకుని ఊఁ కొడతాను. మొన్న స్టాంపర్ తన కుక్కలను వదిలి "మొదట కూసింది ఏది?" అని అడిగితే, అందరి ముఖాలూ చూసి ఏదో పేరు చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను.

టాన్సీని అక్కడ వదిలి వచ్చే శనివారానికి మూడు వారాలవుతాయి. కోయ్‌తో మాట్లాడితే దొరికిపోతాను, నువ్వే వెళ్లి చూడు. అది ఇంకా నోరు విప్పకపోతే ఎవరికైనా పెంచుకోవడానికి ఇచ్చెయ్యి. నేనూ వేట మానేస్తాను.

నీ తమ్ముడు
డెల్మర్


అక్టోబరు 11

ఒరేయ్ డెల్మర్,

కోయ్ దగ్గరికి వెళ్లొచ్చాను. నన్ను చూడగానే, "ఏంటక్కా, మీ తమ్ముడు నాతో ఎకసెక్కాలాడుతున్నాడా? మూగదంట! వచ్చిన రోజు నుంచీ నా చెవులు తినేస్తోంది" అన్నాడు. నీకు మూడుసార్లు ఫోను చేసి చెప్పాడట. మూడుసార్లూ "ఊఁ, సరే" అన్నావట.

అంతలో కుప్పలోంచి కుందేలు లేచింది. టాన్సీ గొంతెత్తింది. సన్నటి గొంతు, ఎంత పైకి వెళ్లినా పగలదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇదివరకు పొద్దున్నే మీ పొలం వైపు నుంచి ఆ గొంతు వింటూనే ఉండేదాన్ని, స్టాంపర్ కుక్కదేమో అనుకున్నాను. పాపం, అది ఇన్నాళ్లూ చెవిటివాడి ముందు శంఖం ఊదింది. దాన్ని ఇచ్చెయ్యమంటావా? ముందు నిన్ను ఇచ్చెయ్యాలి.

నీ చెవుల సంగతి నాకు కిందటేడే తెలుసు. లూలా పిన్ని పోయిందని ఫోనులో చెప్తే "మంచిది, మంచిది" అన్నావు. నీ నోటితో నువ్వే చెప్తావని ఆగాను, అది నా తప్పు.

టాన్సీకిక చిన్న దొడ్డి అక్కర్లేదు. ఇంకో వారం ఉంటే నిజంగానే మాటు వెయ్యడం నేర్చుకుంటుంది. అటునుంచి అటే తీసుకెళ్లి స్టాంపర్ దొడ్డిలో వదిలాను. నిన్ను అడగలేదు. అడిగినా ఊఁ అనేవాడివి.

వేట మానేస్తానంటే ఒప్పుకోను. నాన్న నిన్ను వేటకు తీసుకెళ్లి, నన్ను బీన్స్ ఉడికించమనేవాడు. నలభై ఏళ్లు వరండాలో బీన్స్ ఒలుస్తూ మీ ప్రతి కుక్కనూ విన్నాను. కుందేలు ఎక్కడ మలుపు తిరిగిందో, జాడ దొరక్కుండానే ఏ కుక్క అబద్ధపు కూత కూసిందో, మీరు ఇల్లు చేరకముందే నాకు తెలిసేది. ఒక్కరోజైనా నన్ను అడిగారా?

శనివారం పొద్దున్న ఏడింటికి ట్రక్కు తీసుకుని రా, ఇద్దరం స్టాంపర్ దొడ్డికి పోదాం. వంటింట్లో వెతక్కు. బూట్లేసుకుని గేటు దగ్గర ఉంటాను.

నీ అక్క
ఓమా