బాల్కనీ కింద గాజుముక్క

ప్రియమైన చెల్లాయ్‌కి,

మోకాలి నొప్పి ఎలా ఉంది? నర్సుగా నువ్వు ఇన్నేళ్లూ జనానికి గుచ్చిన సూదులన్నీ ఇప్పుడు నీ మోకాలికే తిరిగొచ్చినట్టున్నాయి.

ఇక్కడో విశేషం. మీ అన్న నోరు మూశాడు. మొన్న సంఘ కూడికలో మైకు గురగుర గురించీ, వంకరగా వేసిన టైల్స్ గురించీ, పాస్టరు గారి ప్రసంగంలో పాత ఉదాహరణే మళ్లీ రావడం గురించీ మాట్లాడాను. అన్నీ నిజాలే. సంఘ పెద్ద లేచి, "ఈయన నోట ఒక్క మంచిమాట వస్తే ఆ రోజు మందిరానికి సెలవు ఇచ్చేద్దామయ్యా" అన్నాడు. ముందు వరస నుంచి చివరి వరస దాకా నవ్వారు. పాస్టరు గారు మాత్రం నవ్వలేదు. "ఉపవాసం తిండితోనే చెయ్యక్కర్లేదు అన్నగారూ. వార్షికోత్సవం దాకా మందిరంలో మాటను ఉపవాసం పెట్టి చూడండి" అన్నారు. "సరే" అన్నాను. అక్కడ నేను పలికిన చివరి మాట అదే.

పట్టుకుంటే వదిలే రకం కాదు కదా నేను. చీకటి ఉండగానే లేస్తున్నాను. చన్నీళ్ల స్నానం, మోకాళ్ల మీద ప్రార్థన, ఒక కీర్తన కంఠస్థం, ఒంటిపూట భోజనం. నోటికి కాపలా పెట్టమని బైబిల్లో కీర్తనకారుడు దేవుణ్ని అడిగాడు, నేనూ అడిగాను. కాపలావాడు వచ్చాడు. చాలా గట్టివాడు.

ఇంకొకటి. మందిరంలో సంఘ పెద్ద దగ్గరుండి కట్టించిన బాల్కనీ గుర్తుందా? మెట్ల మలుపులో, అది గోడను కలిసే చోట, సన్నటి పగులు కనిపించింది. ఇంజనీరుగా పాత భవనాలు తనిఖీ చేసే రోజుల్లో ఏం చేసేవాణ్నో అదే చేశాను. పగులుకు అడ్డంగా పలచని గాజుముక్క ఒకటి సిమెంటుతో అతికించాను. పగులు ఆగిపోయి ఉంటే గాజు అలాగే ఉంటుంది. కదులుతుంటే విరుగుతుంది. గాజుకి మొహమాటం లేదు.

నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇట్లు,
మీ అన్న


అన్నయ్యకి వందనాలు.

నువ్వు నోరు మూశావంటే మీ బావగారు నమ్మలేదు. "ఆ కవరు జాగ్రత్తగా చింపు, లోపల అరుపులు ఉంటాయి" అన్నారు. చింపాను. ఉన్నాయి.

చన్నీళ్లు మానెయ్. ఉబ్బసం మనిషివి. పొద్దున్నే లేవడం, ప్రార్థన, ఒంటిపూట, అన్నీ మంచివే. వదినమ్మ ఉంటే నిన్ను చూసి మురిసిపోయేది, తర్వాత అనుమానించేది.

ఆ గాజుముక్క సంగతే నాకు నచ్చలేదు. రోగికి జ్వరం చూసి, ఎంతుందో ఎవరికీ చెప్పకుండా థర్మామీటరు జేబులో వేసుకుని వెళ్లిపోయే నర్సుని ఏమంటారు? నువ్వు చేస్తున్నది అదే. గాజు విరిగితే ఏం చేస్తావు? అంత పొడుగు ఉత్తరంలో ఆ ఒక్క ముక్కా రాయలేదు.

ప్రార్థనలతో,
నీ చెల్లి


ప్రియమైన చెల్లాయ్,

గాజు విరిగింది.

నిలువునా, శుభ్రంగా, కత్తితో కోసినట్టు. వేలితో తడిమి చూశాను. నీ ప్రశ్నకు జవాబు కూడా రాస్తున్నాను: ఏమీ చెయ్యను. వార్షికోత్సవం దాకా మాట్లాడనని వాళ్లే కదా మాట తీసుకున్నారు. మాట మీద నిలబడటం కంటే పెద్ద క్రమశిక్షణ ఏముంది?

ఆ రోజు పాటలు పాడే పిల్లల క్వయర్‌ని బాల్కనీలో నిలబెడతారట. సంఘ పెద్దే మైకులో ప్రకటించాడు. ప్రకటించి, నా వైపు చూసి, "అన్నగారికి అభ్యంతరం లేదు కదా?" అన్నాడు. మళ్లీ నవ్వులు. నేను పెదాల మీద వేలు పెట్టుకుని చూపించాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆ బాల్కనీ కట్టేటప్పుడే దూలం పొడవు చాలదన్నాను, చెల్లాయ్. "పుస్తకాల ఇంజనీరు" అని నాకు పేరు పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ తిరుగుతోంది.

ఫోను తియ్యడం కూడా మానేశాను. మౌనం మందిరం నుంచి ఇంటికొచ్చింది. నా జీవితంలో ఇంత క్రమంగా ఎప్పుడూ బతకలేదు. వేళకి లేస్తాను, వేళకి ప్రార్థిస్తాను, కోపం రాదు. లోపల అంతా చల్లగా ఉంది, మూసేసిన గదిలా. ఆ రోజు దుమ్ము అణిగాక అందరూ నా వైపు తిరుగుతారు. అప్పుడు కూడా ఏమీ అనను. ఊరికే కూర్చుంటాను.

ఇట్లు,
మీ అన్న


అన్నయ్యా,

నీ ఉత్తరం చదివిన వెంటనే ఫోన్ అందుకున్నాను. ఎన్నిసార్లు ఫోన్ చేసినా తియ్యలేదు. పాస్టరు గారికి చేశాను. "అన్నగారు ఇప్పుడు మీ నోటితో మొదలెట్టారా అమ్మా?" అని నవ్వి, పెద్ద గారిని అడుగుతానన్నారు. అడిగారు. "అది కట్టిన రోజు నుంచీ ఆయనకి పడిపోతూనే ఉంది" అన్నాడట ఆయన. చూశావా? నీ నోరు ఎంత వాడేశావో. నిజంగా కావలసిన రోజున అందులో ఏమీ మిగల్లేదు. అయినా అది నువ్వే చెప్పాలి. పగులు చూసిన కళ్లు నీవి.

బైబిల్లో ఆత్మఫలం వరుసలో ఆశానిగ్రహం చివరిది. మొదటిది ప్రేమ. చిన్నప్పుడు అమ్మకి అప్పజెప్పేటప్పుడు కూడా నువ్వు చివర్నుంచే మొదలెట్టేవాడివి, మధ్యలో అమ్మ విసుగెత్తి పొమ్మంటుందని. ఇంకా ఆ బుద్ధి పోలేదు.

వార్షికోత్సవానికి ముందు రోజు రాత్రి బస్సెక్కుతాను. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, బాల్కనీలో సరిగ్గా ఆ పగులు పైన కూర్చుంటాను. ఈ మధ్య ఒళ్లు కూడా చేశాను. నువ్వు కింద కూర్చుని నోటికి కాపలా కాసుకో.

నీ చెల్లి


చెల్లాయ్,

రా. కానీ కింద కూర్చో.

నీ ఉత్తరం అందిన మర్నాడే ఆదివారం. ఆరాధన మధ్యలో తల ఎత్తితే బాల్కనీ నిండా పిల్లలు. వార్షికోత్సవానికి సాధన అట. వాళ్ల వెనక తల్లులు. లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ల తర్వాత గొంతు పెగల్లేదు. "దిగండి, బాల్కనీ విరుగుతోంది" అన్నది నాకే సరిగా వినపడలేదు. సంఘ పెద్ద మైకు లాక్కుని, "అన్నగారు ఉపవాసం విడిచారండోయ్!" అన్నాడు. మందిరమంతా నవ్వింది. పైనున్న పిల్లలు నవ్వుతూ కాళ్లతో నేలను తన్నారు. తన్నినప్పుడల్లా మెట్ల మలుపులో సన్నటి తెల్లటి పొడి రాలడం చూశాను. ఇంకెవరూ చూడలేదు.

వాదించలేదు. పైకెక్కి, "పిల్లలూ, కింద బిస్కెట్లు పంచుతున్నారు" అన్నాను. వరదలా దిగారు. వాళ్లని తిట్టుకుంటూ తల్లులు దిగారు. బాల్కనీ ఖాళీ అయ్యాక కింది మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాను.

"లేవండి" అన్నాడు సంఘ పెద్ద.

"లేవను."

"అయితే ఇక మీకు ఈ మందిరంలో చోటు లేదు."

"లేకపోతే పోనీ. పైకి మాత్రం ఎవర్నీ పంపకు. మెట్ల మలుపులో పగులు మీద నేను పెట్టిన గాజు విరిగింది. నీకు నా మీద నమ్మకం లేదు కదా, నీ చేత్తోనే కొత్తది అతికించుకో." లేచి వెళ్లబోయి ఆగాను. "విరిగిందని ముందే తెలుసు నాకు. నీ మీద కసితో చెప్పలేదు. క్షమించు" అన్నాను. అది చెప్పడానికి బాల్కనీ ఎక్కినదానికంటే ఎక్కువ ఆయాసం వచ్చింది. బయటికెళ్లి కొట్టులో ఉన్న బిస్కెట్లన్నీ కొని పిల్లలకి పంచాను. అబద్ధం అబద్ధంగా మిగలకూడదుగా.

నిన్న సాయంత్రం తలుపు చప్పుడైంది. సంఘ పెద్ద. జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పాడు. గాజుముక్క, రెండు చెక్కలు. నాది కాదు, ఆయన తన చేత్తో అతికించుకున్నది. ఏదో చెప్పబోయాడు, నోరు రాలేదు. ఆ అవస్థ నాకు తెలుసు. టీ పెట్టి ఇచ్చాను. ఇద్దరం తాగాం.

ఇవాళ మెట్లకి తాళం పడింది. బాల్కనీ కింద ఇనప స్తంభాలు నిలబెట్టారు. సంఘంలో మాత్రం వార్షికోత్సవానికి రంగులు వేయించడానికని చెప్పారట. "పెద్ద గారి ముందుచూపే ముందుచూపు" అని కొట్టు దగ్గర ఒకాయన నాతోనే అన్నాడు. "నేను చెప్పానుగా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను.

ఈ ఉపవాసం నాకెవరూ పెట్టలేదు. దీనికి వార్షికోత్సవం గడువూ లేదు. చన్నీళ్లు మానేశాను, ప్రార్థన మానలేదు. ఈ ఉత్తరం చదివి చింపెయ్. నీకు చెప్పేశాను కాబట్టి ఇవాళ్టి ఉపవాసం చెడింది. రేపు పొద్దున్నే మళ్లీ మొదలుపెడతాను.

నీ రాక కోసం చూస్తూ,
మీ అన్న