సొట్ట కప్పు

బాబాయికి,

పోయినేడు పిల్లుల పోటీలో అన్నిటికంటే బరువైనదని మా పిల్లి గుమ్మడికి కప్పు ఇచ్చింది నువ్వే. గుమ్మడిలాంటి పెద్ద జాతి పిల్లి నాలుగేళ్ళదాకా నిదానంగా ఎదుగుతుందని పశువుల ఆసుపత్రి కరపత్రంలో చదివాను. మేపి ఉబ్బించడం ఎదుగుదల కాదు, దౌర్జన్యం! తిండి తగ్గిస్తే అమ్మ, "నోరులేనిదాని నోటి దగ్గర కూడు లాగేస్తావుట్రా? నీ కరపత్రాలు తిని బతుకుతుందా?" అని విరుచుకుపడింది. నేను తగ్గలేదు. ఇప్పుడు నిమిరితే పక్కటెముకలు చేతికి తెలుస్తున్నాయి, పిల్లికి అదే ఆరోగ్యమట.

కిటికీ కూడా ఎక్కలేని గుమ్మడి నిన్న బీరువా మీదికి దూకి నీ కప్పును పడేసింది. సొట్టపడింది. అమ్మ తిట్టలేదు, "దూకిందిరోయ్!" అని చప్పట్లు కొట్టింది.

ఈసారి తూచకు బాబాయ్, దూకించి చూడు. కప్పు పంపుతున్నాను, గెలిచినదానికివ్వు. సొట్ట మాత్రం తీయించకు.

కోపం చాలావరకు దిగిన,
నీ అన్న కొడుకు