అమ్మ గొంతు తగ్గించిన సాయంత్రం

శుక్రవారం

ఈరోజు కారు వచ్చేసింది. ఆఫీసు స్కీములో తీసుకున్న పాత ఎలక్ట్రిక్ కారు. నెలనెలా నా జీతంలోంచే కోసుకుంటారు. మూడేళ్లలోపు ఉద్యోగం మానేస్తే కారు తిరిగి ఇచ్చేయాలి. సంతకం పెట్టే ముందు ఆ షరతును రెండుసార్లు చదివాను.

సాయంత్రం మడికొండ ఆఫీసు నుంచి నేరుగా ఇంటికెళ్లి అమ్మను ఎక్కించుకున్నాను.

"ఇంకా చాలు జేస్తలేవేంది బిడ్డా?" అంది.

"ఎప్పుడో స్టార్టయిందమ్మా, దీనికి చప్పుడుండదు. చూడు," అని ముందుకు పోనిచ్చాను.

అమ్మ ఇరవై ఏళ్లు పవర్‌లూముల మధ్య పనిచేసింది. ఆ మోతలో వినపడాలని అరిచి మాట్లాడే అలవాటు, పని మానేశాక కూడా పోలేదు. కారులోనూ అలాగే మొదలుపెట్టింది. రెండు మాటలకే తన గొంతు తనకే పెద్దగా వినిపించిందేమో, నవ్వి తగ్గించింది.

కాజీపేట దాటాక మెల్లగా అడిగింది. "నౌకరి ఇడిస్తే కారు వాపస్ తీస్కుంటరట గదా?"

"అవునమ్మా."

"గట్లయితే దీనికోసమని అండ్లనే పడి ఉండకు. మనసుకు రాకుంటే కారు ఇచ్చేసి ఇంటికి రా. నీ చదువు కోసం నేను ఆ మిషన్ల కాడ ఉన్న. చదువుకున్నవ్, నీకేం ఫికర్?"

నాకు ఇప్పట్లో మానేయాలని లేదు. మూడేళ్ల సంగతి మాత్రం ఎవరికి తెలుసు...

ఇంటి ముందు కారు ఆపితే అమ్మ దిగలేదు. "జర ఇంకో చక్కర్ కొడదామా?" అంది.

ఇంకో రెండు చక్కర్లు కొట్టాం. దారి పొడవునా తనే, అరవకుండా, మాట్లాడింది.